మీ చిగుళ్ళ లోతెంత?

ఆదివారం పొద్దున బెంగళూరు అపార్ట్‌మెంట్లలో డెంటల్ క్యాంపు ఎలా జరుగుతుందో మారతహళ్ళిలోనో కేఆర్ పురంలోనో ఉండే తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. క్లబ్‌హౌస్‌లో రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఓ బల్ల, డాక్టరు చేతిలో చిన్న అద్దం, ఫోన్ టార్చి. నోరు తెరవమంటారు, అటూ ఇటూ చూస్తారు, "కొంచెం గార ఉందండీ, క్లీనింగ్ చేయించుకోండి" అని సగం ధర కూపన్ చేతిలో పెడతారు. నిమిషం కూడా పట్టదు. ఆ కాస్త సేపట్లో పుచ్చిన పన్ను కనిపించవచ్చు, విరిగిన పన్ను కనిపించవచ్చు. చిగుళ్ళ జబ్బు ముదిరిందో లేదో మాత్రం తెలియదు. అది అద్దానికి చిక్కేది కాదు.

దాన్ని పట్టుకునే పనిముట్టు వేరే ఉంది. సన్నటి స్టీలు పుల్ల, కొన మొండిగా ఉంటుంది, కొన దగ్గర్నుంచి మిల్లీమీటర్ల గీతలు ఉంటాయి. పెరియోడాంటల్ ప్రోబ్ అంటారు. డెంటల్ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ పక్కనున్న ట్రేలో అది ఉందో లేదో చూడండి. ఉండి కూడా మీ నోట్లోకి రాకపోతే ఎందుకు రాలేదని అడగండి. కొలవకుండా క్లీనింగ్ చేయమనడం, రక్తపరీక్ష లేకుండానే షుగర్ మాత్రలు రాయమనడం లాంటిదే. ఈ వ్యాసంలో నేను వాదించబోయేది ఇదే.

ఆ పుల్ల కొలిచేదేమిటంటే, చిగురు పంటికి అతుక్కుని ఉన్నట్టు కనిపిస్తుంది గానీ పై అంచు దగ్గర అతుక్కుని ఉండదు. చొక్కా కాలరు మెడకి ఆనుకున్నట్టు ఆనుకుని ఉంటుంది, అంతే. కాలరుకీ మెడకీ మధ్య ఉండే ఆ సందులోకి పుల్లని మెల్లగా దించి, ఎక్కడ ఆగిందో చదువుతారు. మెల్లగా అంటే ఎంత? వంటింటి డిజిటల్ కాటా మీద ఆనిస్తే ఇరవై, పాతిక గ్రాములు చూపించేంత. అంతకన్నా గట్టిగా గుచ్చితే ఆరోగ్యంగా ఉన్న చిగురు నుంచి కూడా రక్తం వస్తుంది, కొలతా తప్పుతుంది. ఒక్కో పంటికి బుగ్గవైపు మూడు చోట్ల, నాలుకవైపు మూడు చోట్ల, మొత్తం ఆరు చోట్ల కొలవాలి. జ్ఞానదంతాలు వదిలేస్తే 28 పళ్ళు, 168 అంకెలు. ఒకరు కొలుస్తూ చెబుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. దీన్నే చార్టింగ్ అంటారు.

మూడు మిల్లీమీటర్ల లోపు ఉండి, పుల్ల తీశాక రక్తం రాకపోతే ఆ చోటు బాగున్నట్టే. నోరంతా కలిపి పది శాతం చోట్ల కన్నా తక్కువగా రక్తం వస్తే చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయనే లెక్క. మూడు లోపే ఉండి అంతకన్నా ఎక్కువ చోట్ల రక్తం వస్తుంటే అది జింజివైటిస్, అంటే చిగుళ్ళ వాపు. ఇంకా ఎముక దాకా పోలేదు, పూర్తిగా వెనక్కి తిప్పవచ్చు. నాలుగు దగ్గర అనుమానించాలి. ఐదు, ఆరు వస్తే చాలా వరకు పన్నుని పట్టుకునే ఎముక కరగడం మొదలైందని అర్థం. అది పెరియోడాంటైటిస్. మన పెద్దవాళ్ళు పయోరియా అనేది దీన్నే.

లోతొక్కటే చూసినా మోసపోతాం. చిగురు మూడు మిల్లీమీటర్లు కిందికి జారిపోయి, సందు లోతు కూడా మూడే ఉందనుకోండి. అంకె చూస్తే భేషుగ్గా ఉంటుంది. కానీ పన్ను మొదట్లో చిగురు ఉండాల్సిన చోటు నుంచి లెక్కేస్తే ఆరు మిల్లీమీటర్ల పట్టు పోయింది. అందుకే మంచి చార్టులో రెండు వరుసలుంటాయి: చిగురు ఎంత జారింది, సందు ఎంత లోతుంది. రెండూ కలిపితే వచ్చేదే అసలు నష్టం.

168 అంకెలు క్లబ్‌హౌస్‌లో కుదరవు, నిజమే. దానికీ దారి ఉంది. కొనకి అర మిల్లీమీటరు గుండు, దాని పైన మూడున్నర నుంచి ఐదున్నర మిల్లీమీటర్ల దాకా నల్లపట్టీ ఉండే ప్రోబ్ ఒకటుంది. నోటిని ఆరు భాగాలు చేసి, ప్రతి భాగంలో ఆ పుల్లని చిగురు అంచు వెంట నడిపిస్తారు. నల్లపట్టీ పూర్తిగా కనిపిస్తుంటే గొడవ లేదు. సగం మునిగితే కోడ్ 3. మొత్తం మునిగిపోతే కోడ్ 4. కోడ్ 4 ఉన్న భాగం ఒక్కటి తగిలినా పూర్తి చార్టుకి పంపాలి. మనిషికి రెండు మూడు నిమిషాలు. కూపన్ నింపే తీరిక ఉన్నవాళ్ళకి ఈ పాటి తీరిక ఉండదా?

నొప్పి లేకపోవడమే అసలు చిక్కు

మనవాళ్ళు డాక్టరు దగ్గరికి నొప్పి పుడితేనే వెళతారు. పన్ను పుచ్చితే ఆ పద్ధతి కొంతవరకైనా పనిచేస్తుంది, నరం దాకా వెళ్ళగానే రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వదు కాబట్టి. చిగుళ్ళ జబ్బు అలా కాదు. ఏళ్ళ తరబడి ఎముకని తినేస్తూ కూడా చప్పుడు చేయదు. నొప్పి తెలిసేసరికి చీము పట్టి ఉంటుంది, లేదా పన్ను ఊగుతూ ఉంటుంది.

మొదలయ్యేది మాత్రం పాచితోనే. పాచి అంటే అన్నం మెతుకుల మిగులు కాదు. పంటి మీద బ్యాక్టీరియా కట్టుకున్న జిగట పొర. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడు చిగుళ్ళు బాగున్న 12 మందితో పళ్ళు తోముకోవడం మాన్పించాడు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి, ఒక్కరూ తప్పించుకోలేదు. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయింది. చిగుళ్ళ వాపుకి కారణం వేడిచేయడమో, ఒంట్లో రక్తం ఎక్కువ కావడమో కాదని అక్కడితో తేలిపోయింది.

అయితే వాచిన ప్రతి చిగురూ ఎముక దాకా వెళ్ళదు. ఇది కూడా ఆయన బృందమే చూపించింది, మనకి బాగా దగ్గర్లో, శ్రీలంక తేయాకు తోటల్లో. బ్రష్ తెలియని, డెంటిస్టు లేని 480 మంది మగ కూలీలని 1970 నుంచి 1985 దాకా గమనించారు. అందరి నోళ్ళలోనూ పాచి, గార, రక్తం ఉన్నాయి. కానీ 8 శాతం మందికి జబ్బు దూసుకుపోయింది, నలభై ఐదేళ్ళకి నోట్లో పన్ను మిగల్లేదు. 81 శాతం మందికి నెమ్మదిగా సాగింది, అదే వయసుకి సగటున ఏడు పళ్ళు పోయాయి. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్ళ వాపు దాటి ముందుకే పోలేదు.

"మా తాత జన్మలో బ్రష్ పట్టలేదు, ఎనభయ్యో ఏట చెరుకు నమిలాడు" అనే మాటకి జవాబు ఆ 11 శాతంలో ఉంది. ఆ తాత నిజమే. చెరుకు నమలడమూ నిజమే. ఆయన పక్కింట్లో నలభై ఐదేళ్ళకే జావ తాగుతూ గడిపిన మనిషిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, అంతే. మీరు 8లో ఉన్నారో, 81లో ఉన్నారో, 11లో ఉన్నారో పాచిని చూసి చెప్పలేం. కొలిచి, కొన్నాళ్ళాగి మళ్ళీ కొలిస్తేనే తెలుస్తుంది.

ఎముక ఎందుకు కరుగుతుందో కూడా రెండు ముక్కలు చెప్పాలి. బ్యాక్టీరియా నేరుగా ఎముకని కొరకదు. చిగురు లోపల వాటితో పోరాడే మన ఒంటి కణాలే ఆ పోరులో ఎముకని కరిగించే కణాలని నిద్రలేపుతాయి. ఎముక ఒక రకంగా వెనక్కి తగ్గుతుంది, శత్రువుకి దూరంగా. అలా తగ్గినకొద్దీ సందు లోతవుతుంది. లోతైన సందులో గాలి ఆడదు, గాలి లేని చోటే బతికే బ్యాక్టీరియా అక్కడ కాపురం పెడుతుంది, బ్రష్ అక్కడిదాకా వెళ్ళదు. ఒకసారి ఈ చక్రం మొదలైతే ఇంట్లో ఎంత తోమినా ఆగదు.

ఇంట్లో అద్దం ముందు చూసుకోగలిగినవి లేకపోలేదు. జామకాయ కొరికినప్పుడు దాని మీద రక్తపు చార. ఉమ్మిలో గులాబీ రంగు. పన్నుకీ పన్నుకీ మధ్య చిగురు త్రికోణంలా మొనదేలి ఉండాల్సింది మొద్దుబారి ఎర్రగా మెరవడం. ముందు పళ్ళ మధ్య కొత్తగా సందు రావడం, లేదా ఒక పన్ను "పొడుగైనట్టు" అనిపించడం. పన్ను పెరగలేదు, చిగురు దిగింది. ఎప్పుడూ లేనిది మటన్ పీచు ఒకే చోట ఇరుక్కోవడం. తోముకున్నా పోని వాసన. వీటిలో రక్తం ఒక్కటే ముందుగా వచ్చేది. మిగతావన్నీ ఆలస్యంగా వచ్చేవి.

రక్తం విషయంలో పొగతాగేవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. సిగరెట్టు చిగుళ్ళలో వాపు, రక్తస్రావం పైకి కనిపించకుండా అణిచేస్తుంది. చిగురు గట్టిగా, లేత రంగులో, బాగున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం ఏడు, ఎనిమిది మిల్లీమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన టీ బడ్డీల దగ్గర రోజుకి పది కాల్చేవాడికి "నాకు రక్తమే రాదు" అనేది ధైర్యం చెప్పే మాట కాదు. సిగరెట్టు మానేసిన కొత్తలో చిగుళ్ళ నుంచి రక్తం కనిపించడం కూడా మామూలే. అది చూసి భయపడి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళున్నారు. గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టేవాళ్ళకైతే సరిగ్గా ఆ పెట్టుకునే చోటే చిగురు జారిపోతుంది. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం.

రక్తం వస్తే ప్రతిసారీ గారే కారణం అనుకోకూడదు కూడా. జ్వరంతో పాటు చిగుళ్ళ నుంచి రక్తం వస్తే, అందులోనూ వానాకాలపు బెంగళూరులో, అది డెంగీ ముదురుతోందన్న హెచ్చరిక కావచ్చు. వెళ్ళాల్సింది డెంటల్ క్లినిక్‌కి కాదు, ఆసుపత్రికి. వారాల్లోనే చిగుళ్ళు ఉబ్బిపోయి, ఆగకుండా రక్తం కారుతూ, నీరసం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే ముందు రక్తకణాల లెక్క చూపించాలి, లుకేమియా అలా బయటపడుతుంది. బీపీకి వాడే అమ్లోడిపిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్ళని పళ్ళ మీదికి పెంచేస్తాయి. మాత్ర మీరే ఆపేయకండి. రాసిన డాక్టరుకి చెబితే మార్చగలరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకీ అదే మాట. క్లీనింగ్ కోసమని ఆస్పిరిన్ సొంతంగా మానేసి గుండెకి ముప్పు తెచ్చుకోవద్దు.

నీళ్ళ మీద నింద

బెంగళూరు వచ్చిన తెలుగువాళ్ళు జుట్టు రాలినా, గీజరు పాడైనా, పళ్ళకి గార పట్టినా బోరు నీళ్ళనే తిడతారు. మొదటి రెండింటి సంగతి నేను మాట్లాడను. గార మాత్రం నీళ్ళ పని కాదు. గారలో ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ మన ఉమ్మి నుంచే వస్తాయి. పంటి మీద కదలకుండా ఉన్న పాచి కొద్ది రోజుల్లోనే ఆ ఖనిజాలు పీల్చుకుని రాయవుతుంది. రుజువు కావాలంటే గార ఎక్కడ ఎక్కువ పడుతుందో చూడండి: కింది ముందు పళ్ళ వెనక, పై దవడ పళ్ళ బుగ్గవైపు. లాలాజల గ్రంథుల నాళాలు సరిగ్గా అక్కడే తెరుచుకుంటాయి. టాంకర్ నీళ్ళు అన్ని పళ్ళనీ సమానంగానే తడుపుతాయి కదా.

నీళ్ళ తప్పు ఉన్న మరకలు వేరే ఉన్నాయి. నల్లగొండ, కనిగిరి వైపు నుంచో, ఇటు కోలారు వైపు నుంచో వచ్చినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు పట్టీలు, సున్నపు మచ్చలు ఉంటాయి. అవి ఫ్లోరైడ్ మచ్చలు. పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ లోపల పడ్డవి. ఎన్నిసార్లు క్లీనింగ్ చేయించినా పోవు. గార అనుకుని ఇటుకపొడి, బొగ్గుపొడి పెట్టి రుద్దితే ఎనామిల్ అరుగుతుంది, చిగురు గీసుకుపోయి కిందికి దిగుతుంది. మచ్చ అక్కడే ఉంటుంది.

కుర్చీలో ఏం జరగాలి

ఇక వైద్యం. 2017లో చికాగోలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో ఈ జబ్బుని నాలుగు దశలుగా (స్టేజ్), ఏ, బీ, సీ అనే మూడు వేగాలుగా (గ్రేడ్) విభజించారు. దశ అంటే ఇప్పటిదాకా ఎంత పోయింది: పట్టు ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతే మొదటి దశ, మూడు నాలుగు పోతే రెండోది, ఐదు, ఆపైన పోతే మూడో దశ లేదా నాలుగోది. వేగం అంటే ఇకముందు ఎంత తొందరగా పోవచ్చు. రోజుకి పది సిగరెట్లు, లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) ఏడు, ఆపైన ఉంటే నేరుగా అన్నిటికన్నా వేగమైన సీ. మీ ఫైల్లో "స్టేజ్ 3, గ్రేడ్ బీ" లాంటి మాట రాసి ఉంటే ఎవరో శ్రద్ధగా చూశారని నమ్మవచ్చు. "గమ్ ప్రాబ్లం" అని మాత్రమే ఉంటే చూడలేదని అనుకోవాలి.

ఎక్స్‌రే తీస్తారు. నోరంతా ఒకే ఫిల్ములో వచ్చే ఓపీజీ మొత్తం మీద అంచనా ఇస్తుంది. అనుమానమున్న పళ్ళకి చిన్న ఎక్స్‌రేలు విడిగా కావాలి. ఎక్స్‌రే పంటికి ముందూ వెనకా ఉన్న ఎముకని దాచేస్తుంది కాబట్టి ప్రోబ్‌కి అది బదులు కాదు.

పైన కనిపించే గారని తీయడం స్కేలింగ్. సెకనుకి పాతిక వేల సార్లకి పైగా కంపించే అల్ట్రాసోనిక్ కొన గారని పగలగొడుతుంది, నీళ్ళు దాన్ని చల్లబరుస్తూ కడిగేస్తాయి. కొనని పంటికి పక్కవాటుగా ఆనించి కదిలిస్తూ ఉంటే ఎనామిల్‌కి ఏమీ కాదు. మొనని నిలువుగా గుచ్చి ఒకేచోట ఆపితే గీతలు పడతాయి. చిగుళ్ళ వాపు వరకే ఉన్నవాళ్ళకి ఇది, దానితో పాటు ఇంట్లో తోమడం నేర్చుకోవడం చాలు.

పాకెట్లు, అంటే లోతైన సందులు, ఉన్నవాళ్ళకి చాలదు. ఇల్లలకగానే పండగ కాదు. ఇక్కడే కొలవని క్లీనింగ్ వల్ల నష్టం జరుగుతుంది. ఆరు మిల్లీమీటర్ల పాకెట్‌లో పైన రెండు మిల్లీమీటర్ల గార తీసి కింద నాలుగు వదిలేస్తే చిగురు పై అంచు మాని బిగుసుకుంటుంది. లోపలి మురికి బయటికి వచ్చే దారి మూసుకుంటుంది. కొన్ని వారాలకో నెలలకో అక్కడే చీముగడ్డ లేస్తుంది. మనిషి "క్లీనింగ్ చేయించాకే ఇలా అయింది" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది. తప్పు క్లీనింగ్‌ది కాదు, దాన్ని సగంలో ఆపినవాళ్ళది.

చిగురు కింద చేసే పనిని డీప్ క్లీనింగ్, రూట్ ప్లానింగ్ అంటారు. లిగ్నోకెయిన్ మత్తు ఇస్తారు. సన్నటి అల్ట్రాసోనిక్ కొనతో, ఆ తర్వాత గ్రేసీ క్యూరెట్లు అనే చేతి పనిముట్లతో వేరు మీది గట్టి నల్ల గారని తీస్తారు. ఒక్కో క్యూరెట్ ఒక్కో పంటి ఒక్కో వైపుకే వంపు తిరిగి ఉంటుంది. దవడ పళ్ళ ముందువైపుకి 11-12 నంబరుది అయితే వెనకవైపుకి 13-14 నంబరుది. కంటికి కనిపించదు, చేతి స్పర్శతోనే తెలుసుకోవాలి. అందుకే నోరంతా పాకెట్లున్న మనిషికి ఈ పని ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటే నేను నమ్మను. సగం నోరు ఒకరోజు, సగం ఇంకోరోజు చేసినా, ఒకటి రెండు రోజుల్లో మొత్తం ముగించినా ఫలితం ఒకటే. మీ సెలవుని బట్టి ఎంచుకోండి.

తర్వాత వచ్చేవాటికి సిద్ధంగా ఉండాలి. వాపు దిగుతుంది కాబట్టి పళ్ళ మధ్య నల్లటి త్రికోణాలు కనిపిస్తాయి. వేరు బయటపడి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. ఐదు శాతం పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొన్ని పళ్ళు వదులైనట్టు అనిపిస్తాయి. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు ఊడతాయి" అనే నమ్మకం ఇక్కడే పుట్టింది. ఎముక పోయిన పళ్ళని ఇన్నాళ్ళూ గారే సిమెంటులా కలిపి పట్టుకుంది. అది తీశాక అసలు సంగతి తెలిసింది. వాపు తగ్గాక చాలా పళ్ళు కొంత బిగుస్తాయి కూడా.

అన్నిటికన్నా ఎక్కువమంది ఎగ్గొట్టేది ఆ తర్వాతి మెట్టు. ఆరు వారాల నుంచి మూడు నెలల లోపల మళ్ళీ ప్రోబ్ పెట్టి కొలవాలి. మామూలుగా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు తగ్గుతుంది. బాగా లోతున్న చోట రెండు, రెండున్నర. గెలిచామనడానికి గుర్తు: నాలుగు దాటి రక్తం వచ్చే చోట్లు లేకపోవడం, ఆరు మిల్లీమీటర్ల చోటు ఒక్కటి కూడా లేకపోవడం. ఇంకా ఐదు దగ్గర ఆగినవాటికి మళ్ళీ లోపల శుభ్రం చేస్తారు. ఆరు, ఆపైన మిగిలిపోతే చిగురు తెరిచి చూస్తూ చేసే ఫ్లాప్ సర్జరీ. ఎముక మూడు గోడల గుంటలా ఉంటే ఎముకపొడి, పొర వేసి కొంత తిరిగి పెంచవచ్చు. అన్నివైపులా సమానంగా కరిగిపోయిన ఎముక ఎవరు ఏం వేసినా తిరిగిరాదు. దవడ పన్ను వేళ్ళ చీలిక దగ్గర పాకెట్ ఉంటే అది మొండి కేసు.

మొదటి కొలత లేకపోతే ఈ రెండో కొలతకి అర్థమే లేదు. డబ్బు తీసుకున్న వైద్యం పనిచేసిందో లేదో మీకు చెప్పే లెక్క ఇదొక్కటే.

ఈ దారిలో అమ్మజూపే అడ్డదారులు కొన్ని ఉన్నాయి. లేజర్ పెట్టి చేస్తామనే బోర్డులు ఇందిరానగర్ నుంచి వైట్‌ఫీల్డ్ దాకా కనిపిస్తాయి. 2020 యూరప్ మార్గదర్శకాలు డీప్ క్లీనింగ్‌కి లేజర్ జోడించమని చెప్పవు, వద్దనే అంటాయి. అమాక్సిసిల్లిన్, మెట్రోనిడజోల్ కోర్సు అందరికీ కాదు. చిన్న వయసులోనే వేగంగా ఎముక పోతున్న కొందరికి, అదీ పాచి పొరని చేత్తో చెరిపాకనే. పొర చెరపకుండా మాత్ర మింగితే వారం రోజులు వాపు తగ్గి మళ్ళీ వస్తుంది. మందుల షాపులో గమ్ పెయింట్ పూస్తే చిగురు బిగిసినట్టు అనిపిస్తుంది, లోతు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గదు. లవంగ నూనె నేరుగా చిగురుకి రాస్తే కాలుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు హాయినిస్తాయి, పుక్కిలించండి. వైద్యం అనుకోకండి.

ఇంట్లో జరగాల్సింది

మెత్తటి బ్రష్. బఠాణీ గింజంత పేస్టు. కుచ్చుల్ని చిగురు అంచు మీద 45 డిగ్రీల వాటుగా పెట్టి, సగం చిగురు మీద సగం పంటి మీద ఉండేలా, రెండు మూడు పళ్ళకి పది చిన్న కదలికలు. తర్వాత పక్కకి జరగాలి. బ్రష్ కదిలే దూరం పంటి వెడల్పంతే. రంపంలా అటూ ఇటూ లాగితే కోర పళ్ళ దగ్గర చిగురు జారి, పంటి మొదట్లో గాడి పడుతుంది. కుడిచేతివాళ్ళకి ఎడమవైపు ఎక్కువగా కనిపిస్తుంది. కింది ముందు పళ్ళ వెనక బ్రష్‌ని నిలువుగా పట్టుకోవాలి. రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. రాత్రి తోమడం తప్పనిసరి, నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గిపోతుంది కాబట్టి. వేపపుల్ల పళ్ళ ముందువైపు బాగానే తోముతుంది. పళ్ళ మధ్యకి, దవడ పళ్ళ లోపలివైపుకి వెళ్ళదు.

బ్రష్ కూడా పళ్ళ మధ్యకి వెళ్ళదు. చిగుళ్ళ జబ్బు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. సందులున్నవాళ్ళకి ఇంటర్‌డెంటల్ బ్రష్ ఫ్లాస్ కన్నా బాగా పనిచేస్తుంది. తీగ మీద సన్నటి కుచ్చులుండే ఈ బ్రష్‌లు 0.4 మిల్లీమీటర్ల నుంచి 1.5 దాకా సైజుల్లో వస్తాయి. కుచ్చులు రెండువైపులా కొంచెం నలగాలి, తీగ మాత్రం పంటిని గీయకూడదు. వదులుగా దూరిపోతే పెద్ద సైజు తీసుకోండి, బలవంతంగా దూర్చాల్సివస్తే చిన్నది. చాలామందికి ముందు పళ్ళకి ఒకటి, దవడ పళ్ళకి ఒకటి, రెండు సైజులు కావాలి. మొదటిసారి సైజు డెంటిస్టే చూపించాలి, ఆన్‌లైన్‌లో గుడ్డిగా కొంటే డబ్బు వృథా. పేస్టు లేకుండా, ప్రతి సందులో రెండు మూడుసార్లు అటూ ఇటూ. మొదటి వారం రక్తం వస్తుంది. రక్తం వస్తోందని ఆపేయడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. వాచిన చోటే వస్తోంది, అక్కడే శుభ్రం కావాలి. రెండు వారాలు దాటినా ఒకేచోట వస్తుంటే అక్కడ లోపల గార మిగిలినట్టే. ఆ చోటు గుర్తుపెట్టుకుని డాక్టరుకి చూపించండి.

సందుల్లేని పళ్ళకి ఫ్లాస్. మోచేతి పొడవు దారం, పంటిని కౌగిలించేలా వంచి, చిగురు కిందికి కొంచెం దించి పైకి లాగాలి. టకటకా కొడితే చిగురు తెగుతుంది. భోజనం అయ్యాక పిన్నీసుతో, అగ్గిపుల్లతో పొడుచుకునే అలవాటు గురించి చెప్పడానికి ఏముంది!

క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 0.2 శాతానిది పది మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకి రెండుసార్లు, రెండు వారాలు. అంతే. నెలల తరబడి వాడితే పళ్ళు కాఫీ డికాక్షన్ రంగుకి వస్తాయి, నాలుకకి రుచి మారుతుంది. పేస్టుతో తోమిన వెంటనే పుక్కిలిస్తే నురగ పదార్థం దాన్ని చంపేస్తుంది, అరగంట ఆగాలి. పాకెట్ అడుగుకి అది వెళ్ళదు కూడా.

షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకొక లెక్క. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవు, చిగుళ్ళలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రాదు. చిగుళ్ళ వైద్యం జరిగిన మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ సగటున 0.4 వరకు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. కాబట్టి డయాబెటిస్ డాక్టరుకీ ఆ చార్టు చూపించండి. గర్భిణులకి రెండో నెల నుంచే చిగుళ్ళు వాచడం మామూలు. నాలుగు నుంచి ఆరో నెల మధ్యలో స్కేలింగ్ నిశ్చింతగా చేయించుకోవచ్చు, కాన్పయ్యేదాకా ఆగమనడం పాతకాలపు సలహా.

ఖర్చు మాటకొస్తే, చాలా ఆరోగ్య బీమాలు ప్రమాదంలో తగిలిన దెబ్బకి తప్ప పళ్ళకి డబ్బివ్వవు. తీరిక ఉండి డబ్బు లేనివాళ్ళకి విక్టోరియా ఆసుపత్రి ఆవరణలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, మెట్రోలో కేఆర్ మార్కెట్ స్టేషన్లో దిగితే దగ్గర. పొద్దున్నే వెళ్ళాలి, క్యూ ఉంటుంది. పెరియోడాంటిక్స్ విభాగం అని అడగండి. చిగురుని కన్నడంలో వసడు అంటారు, "వసడినల్లి రక్త బరుత్తె" అంటే చాలు. నేర్చుకునే పీజీ విద్యార్థులు కొలిచి రాయకుండా గురువు ముందుకి వెళ్ళలేరు కాబట్టి, ఖరీదైన క్లినిక్‌లో అడిగినా దొరకని చార్టు అక్కడ అడక్కుండానే దొరకవచ్చు.

చివరిగా ఇంప్లాంట్ల మాట. పళ్ళు వదులై పోతే పోయాయి, టైటానియం మరలు వేయించుకుంటాం అనేవాళ్ళు ఐటీ కారిడార్‌లో ఎక్కువవుతున్నారు. పన్ను ఊడగొట్టిన బ్యాక్టీరియా పక్కపళ్ళ పాకెట్లలో ఇంకా ఉంటుంది. ఇంప్లాంట్ చుట్టూ కూడా అదే వాపు, అదే చీము, అదే ఎముక నష్టం వస్తాయి, పెరి-ఇంప్లాంటైటిస్ అంటారు. పంటికి ఎముకతో ఉండే నారల కట్టు ఇంప్లాంట్‌కి ఉండదు కాబట్టి మొదలైతే ఇంకా వేగంగా దిగుతుంది, వైద్యం ఇంకా కష్టం. మిగిలిన పళ్ళ దగ్గర ఐదు, ఆరు అంకెలు పోయేదాకా మర వేయనన్న డాక్టరు మీ బేరం పోయినా ఫర్వాలేదని సిద్ధపడ్డవాడు, ఆయన దగ్గరే వేయించుకోండి. వేసిన తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి ఇంప్లాంట్ చుట్టూ కూడా ప్రోబ్ పెట్టించాలి, మొదటి రోజు అంకెల కాపీ ఫోన్లో ఉంచుకోవాలి. రేపు ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్ళినా అక్కడి డాక్టరు పోల్చి చూడ్డానికి అదే ఆధారం.